తేలిక తుపాకీ, పెద్ద తూటా

వెండెల్ ప్రూయిట్ నాలుగో గుడ్డముక్కను తుపాకీ గొట్టంలోంచి తోసి బయటికి తీశాడు. ముక్క తెల్లగానే వచ్చింది. అయినా ఐదోది తోశాడు. తరవాత గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి, కుడికన్ను ఆనించి లోపలి వెలుగు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ తుపాకుల కొట్టు వెనకగదిలో అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. మూడు వారాలుగా మాత్రం అతను పరీక్షిస్తున్నది గొట్టాన్ని కాదు, తన కంటిని. గుండ్రటి వెలుగుకు కింద, ఎడమ మూలన, బూడిదరంగు నీడ ఒకటి ఉంది. నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉందా, గోరంత పెరిగిందా అని ఊపిరి బిగబట్టి చూసుకునేవాడు. ఇవాళ పెరగలేదు. పెరగలేదనే అనుకున్నాడు.

అతనికున్నది ఆ ఒక్క కన్నే. ఎడమది పందొమ్మిదో ఏట రంపపు మిల్లులో చెక్కపేడు తగిలి పోయింది. తుపాకీ గురి చూడ్డానికి ఒక కన్ను ఎలాగూ మూసుకోవాలి గదా, నాకు ఆ శ్రమ తప్పిందని నవ్వించేవాడు. కిందటి నెల కుడికంటి లోపలి పొర చిరిగింది. బోయిసీ డాక్టరు దాన్ని లేజరుతో అతికించి, "గట్టి కుదుపు తగిలిందంటే మళ్లీ ఊడొస్తుంది. ఈసారి అతికించడానికి ఏమీ మిగలదు. మీరేం పని చేస్తారు?" అని అడిగాడు.

"కొట్లో ఉంటానండీ," అన్నాడు వెండెల్. అబద్ధమైతే కాదు. ఊళ్లో మాత్రం పళ్లు కట్టించుకోవడానికి వెళ్లానని చెప్పాడు. అది శుద్ధ అబద్ధం.

ఆ కొట్టుకో ఆనవాయితీ ఉంది. ఏ తుపాకీ అయినా సరే, వెండెల్ తన భుజానికి ఆనించి మూడు తూటాలు పేల్చి, చీటీ మీద సంతకం పెట్టాకే గడప దాటాలి. ఇడహో కొండల్లో వందమైళ్ల అవతలి నుంచి కూడా జనం ఆ సంతకం కోసమే వచ్చేవాళ్లు. అంతకుమించి అతనికి చెప్పుకోదగ్గదేమీ లేదు. పెళ్లి ఐదేళ్లు నిలిచింది. పిల్లల్లేరు. పొకాటెలోలో ఒక అక్క ఉంది. ఏ పోటీలోనూ బహుమతి గెలవలేదు, ఏ పత్రికలోనూ ఫొటో పడలేదు. మనిషిని చూస్తే పొట్టిగా, భుజాలు వంగి, కుడిభుజం ఎడమదానికంటే అంగుళం కిందికి దిగి ఉంటాడు. అది ముప్పై ఒక్క ఏళ్ల తుపాకీ తన్నులకు దిగిన భుజం. ఈ మూడు వారాల్లో అదృష్టవశాత్తూ చిన్న తుపాకులే వచ్చాయి. వాటిని పేల్చినా ప్రతిసారీ నీడ పెరిగిందేమోనని చూసుకునేవాడు.

కోరీన్ తలుపు తోసి లోపలికి తొంగిచూసింది. కొట్టు ఇప్పుడు ఆమెదే. చనిపోయిన యజమాని కూతురు, ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వెండెల్ దగ్గరే తుపాకీ పట్టడం నేర్చుకుంది.

"బాబాయ్, ట్రాస్క్ డాక్టరమ్మ పదింటికి వస్తానంది. ఆ తేలిక తుపాకీ సంగతి. ఎంత చెప్పినా త్రీ థర్టీ ఎయిట్ పెద్ద తూటాదే కావాలంటోంది. షాపు నమూనా పేల్చి చూపించు, ఇవాళ తేలిపోవాలి. ఎల్క్ దుప్పుల వేట మొదలవడానికి పదిరోజులే ఉంది."

"నువ్వు చూపించగూడదూ?"

"ఆవిడ నా మాట వింటుందా? నీ మూడు తూటాలు చూడాలట." కోరీన్ నవ్వి వెళ్లిపోయింది. వెండెల్ గుడ్డముక్కలు మళ్లీ లెక్కపెట్టి సర్దాడు.

ఆ క్యాలిబర్ సంగతి అతనికి బాగా తెలుసు. పెన్సిలు దూరేంత గొట్టం, వేలంత పొడుగు తూటా, నాలుగు వందల గజాల అవతల గుర్రమంత ఎల్క్ దుప్పిని కూడా కూలగొట్టే జోరు. నాలుగున్నర కిలోల తుపాకీలో అది భరించగలిగిన తన్నే. కొండలెక్కేవాళ్ల కోసం కార్బన్ గొట్టంతో చేసిన ఈ నమూనా రెండున్నర కిలోలు. బరువు తగ్గినంతా భుజం మీదికే వస్తుంది. భుజం నుంచి చెంపకు, చెంప నుంచి కంటికి వస్తుంది.

జోలీన్ ట్రాస్క్ పశువుల డాక్టరు. పొడుగాటి మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. గుర్రం తన్ని మోకాలు విరిగినప్పటి నుంచి కుంటుతూ నడుస్తుంది. బరువు మోయలేదు, కొండ మానలేదు. కిందటేడు ఒక మగ ఎల్క్‌ను దూరం నుంచి కొట్టింది. అది పడలేదు. నెత్తురు జాడ పట్టుకుని రెండు రోజులు తిరిగింది. దొరకలేదు.

"చావులేని నెప్పి ఎలా ఉంటుందో నాకు రోజూ కనపడుతుంది, పెద్దాయనా," అంది కౌంటరు మీద మోచేతులు ఆనించి. "ఆ పని నా చేత్తో చేశాను. ఈసారి ఎక్కడ తగిలినా పడగొట్టే తూటా కావాలి."

"ఎక్కడ తగిలినా పడగొట్టే తూటా ఎవడూ చెయ్యలేదు, డాక్టరమ్మా. ఏడు ఎం.ఎం. తీసుకోండి, తూటా చిన్నది, తన్ను తక్కువ. అరకిలో బరువు పెంచండి. తగలాల్సిన చోట తగులుద్ది."

"ఆ అరకిలో మోసేది మీ మోకాలు కాదుగా. మీకేం, చెబుతారు." ఆమె నవ్వింది. "పదండి. మీరు భరిస్తే నేనూ భరిస్తాను."

ఊరి వెనక పాత కంకర గుంట దగ్గర కొట్టువాళ్ల గురి మైదానం. గాలి లేదు. వెండెల్ వంద గజాలు నడిచి చెక్కబోర్డు మీద రెండు గురి కాగితాలు కొట్టాడు, ఎడమవైపుది ఆమెకు, కుడివైపుది తనకు. ఎవరి కాగితం మీద వాళ్ల పేరూ తేదీ రాశాడు. తిరిగి నడిచి వచ్చాడు. ముందు ఆమెను పేల్చమన్నాడు. మర్యాదకు కాదు, ఇంకొంచెం సేపు బతకడానికి.

తుపాకీ నేర్పేవాళ్లకు ఒక పాత ఉపాయం ఉంది. పేల్చే మనిషి మొహం తిప్పుకుంటే, పక్కవాడు తూటా పెడతాడు. ఒకసారి నిజంది, ఒకసారి మందులేని ఉత్తది. ఏది ఉందో పేల్చేవాడికి తెలియదు. నిజం తూటా పేలితే మోతలో అన్నీ కలిసిపోతాయి. ఉత్తది టిక్కుమంటే మాత్రం మనిషి జంకు బయటపడుతుంది.

మొదటిది నిజంది. మోతకు కంకర గుట్ట అదిరింది. జోలీన్ భుజం పట్టుకుని పళ్లు బిగించింది. తూటా కాగితం కింది అంచుకు తగిలింది. రెండోదీ నిజందే. ఇంకా కిందికి పోయింది. మూడోది ఉత్తది పెట్టాడు. టిక్కుమంది, అంతే. కానీ గొట్టం మూతి జానెడు కిందికి దిగింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి.

జోలీన్ తుపాకీని బల్ల మీద పెట్టింది.

"కిందటేడు కూడా ఇంతేనా?" అంది.

"అప్పటి తుపాకీ ఏది?"

"త్రీ హండ్రెడ్. తేలికదే."

"అయితే ఇంతే, డాక్టరమ్మా. తూటా చిన్నదై కాదు. తన్నుతుందని తెలిసి ముందే జంకారు. తూటా గుండెకు తగలక ఆ ఎల్క్ పొట్టలోకి పోయింది."

ఆమె చేతుల్లో మొహం దాచుకుంది. లేచేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది. "సరే. ఇప్పుడు మీ వంతు. ఆనవాయితీ తప్పకూడదు. అటు తిరగండి, నేను పెడతాను. మీ జంకు కూడా చూద్దాం."

వెండెల్ కాదనడానికి నోరు తెరిచాడు. భుజం నొప్పి అనొచ్చు, కడుపునొప్పి అనొచ్చు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ అనని మాట అది. అంటే ఆవిడ కోరీన్‌తో చెబుతుంది, కోరీన్ పళ్ల గురించి అడుగుతుంది, ఒక్కో పోగూ ఊడిపోతుంది. అతను అటు తిరిగాడు. తూటా పెట్టి బోల్ట్ మూసిన చప్పుడు వినిపించింది.

బల్ల ముందు కూర్చుని చెంప ఆనించాడు. తుపాకీ మీది దుర్బిణిలో తెల్లకాగితం కనిపించింది, దాని మూలన నీడ కూడా. ఇది నేను చూసే ఆఖరి వస్తువు కావచ్చు అనుకున్నాడు. కోరీన్ మొహం అయినా ఉదయం సరిగ్గా చూసుకోలేదు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది, బిగించాలి, బిగించడం లేదు. గుక్కపట్టిన పసివాడి గొంతులోంచి వచ్చే చప్పుడొకటి అతని గొంతులోంచి వచ్చింది. వేలు బిగిసింది.

టిక్కుమంది.

తుపాకీ బల్ల మీద పక్కకు ఒరిగింది. వెండెల్ రెండు అరచేతులతో కుడికన్ను కప్పుకుని ముడుచుకుపోయాడు. జోలీన్ నవ్వబోయి ఆగింది. జంకడం వేరు, ఇది వేరు. బోనులో చిక్కిన జంతువుల్ని ఆమె ఎన్ని చూడలేదు!

"ఆ కంటికేమయింది?" అంది మెల్లగా.

అతను చెప్పాడు. చెబుతున్నంతసేపూ చేతులు తియ్యలేదు. ఆమె జేబులోంచి మిగిలిన తూటాలు తీసి బల్ల మీద పెట్టింది. మూడు ఉన్నాయి, మూడూ నిజమైనవే. నాలుగింటిలో ఉత్తది ఆ పెట్టిన ఒక్కటే.

"చూసి పెట్టలేదు," అంది. "చేతికేది వస్తే అది పెట్టాను. ఎందుకు చెప్పలేదండీ? నా చేత్తో ఇంకో పాపం చేయించేవారు."

"భయమేసింది, డాక్టరమ్మా. పేల్చాలన్నా భయం, మానాలన్నా భయం. మానేస్తే ఇంకెవర్ని నేను?"

కొట్టుకు తిరిగొచ్చాక జోలీన్ ఆర్డరు చీటీలో క్యాలిబర్ ఏడు ఎం.ఎం. అని, బరువు మూడు కిలోలని తనే రాసింది. అరకిలో సంగతి మోకాలితో తేల్చుకుంటానంది. కోరీన్‌కు వెండెల్ తనే చెప్పాడు. ఆమె అరిచింది, ఏడ్చింది. కౌంటరులో కూర్చోమంది, లెక్కలు చూడమంది, ఊరికే ఉండమంది. ఊరికే ఉండి మోతలు వినడం తన వల్ల కాదన్నాడు. శనివారం బస్సులో అక్క దగ్గరికి వెళ్లిపోయాడు. కిటికీ పక్క సీటు అడిగి కూర్చున్నాడు. దారిపొడుగునా కనిపించిన ప్రతి గుట్టనూ తల తిప్పి చూస్తున్నాడని డ్రైవరు తరవాత ఊళ్లో చెప్పాడు.

సోమవారం ఒక ఏడు ఎం.ఎం. పేల్చడానికి కోరీన్ ఒక్కతే మైదానానికి వెళ్లింది. చీటీల మీద చీమలంత అక్షరాలు రాసే వెండెల్ ఇక్కడెలా రాశాడో చూసి బోర్డు ముందు ఆగిపోయింది. ఎడమ కాగితం కింది అంచున ఒక చిల్లు, దాని కింద చెక్కలో ఇంకొకటి ఉన్నాయి. కుడివైపు కాగితానికి ఒక్క చిల్లూ లేదు, రాత్రి మంచుకు కొంచెం ఉబ్బి ఉంది, దాని మీద వెండెల్ ప్రూయిట్ అన్న పేరు అరచేయంత అక్షరాలతో, కనపడక తడుముతూ రాసినట్టు వరస తప్పి, కాగితం అంచు దాటి చెక్క మీదికి కూడా పోయింది.