క్లెమ్ చేతిలో కొత్త గేజి

గొట్టాల లోపలి కొలత తీసే కొత్త గేజి మా షాపుకు సోమవారం వచ్చింది. నల్లటి పెట్టెలో, స్పాంజి పలకలో ఒదిగి, నగల కొట్టు నుంచి తెచ్చినట్టు మెరుస్తూ ఉంది. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. కొత్తవి ఏవి వచ్చినా నాకు మొదట ఒళ్ళే మండుతుంది.

“పాతదానికి ఏం రోగం?” అని ట్రెవిస్‌ని నిలదీశాను.

ట్రెవిస్ మా మేనేజరు. ముప్పై ఇంకా నిండలేదు. షాపులో అందరినీ మీరు అంటాడు, అందుకే వాడిని గట్టిగా తిట్టబుద్ధి కాదు.

“పాతదానికి రోగమేం లేదండీ. కాకపోతే దాని ముల్లు ఎవరికి ఎలా కనిపిస్తే అదే కొలత. రైలింజన్ల కంపెనీ వాళ్ళు ఇకమీదట నోటిమాట కుదరదంటున్నారు. గేజి కొలవగానే అంకె గాల్లోంచి నేరుగా మీ టాబ్లెట్లోకి వచ్చెయ్యాలట.”

“మధ్యలో మనిషెందుకూ అంటావ్.”

“మనిషి లేకపోతే గేజి పట్టుకునేదెవరండీ?” అని నవ్వి వెళ్ళిపోయాడు.

అమెరికాలో ఈరీ అనే ఊళ్ళో, సరస్సు ఒడ్డున ఉన్న చిన్న షాపు మాది. రైలింజన్ల పంపుల్లో వాడే ఉక్కు గొట్టాలు చేస్తాం. గొట్టం లోపలి రంధ్రం వెంట్రుకలో ఇరవయ్యో వంతు అటూ ఇటూ అయినా పనికిరాదు. ఆ రంధ్రాన్ని నునుపు చేసే హోనింగ్ మెషిన్ క్లెమ్ డొంబ్రోవ్‌స్కీది. చివర ఉన్న అద్దాల గదిలో కూర్చుని, ఆ గొట్టాలు పాసో ఫెయిలో తేల్చే పని నాది.

క్లెమ్‌కి అరవై దాటాయి. వాళ్ళమ్మను చూసుకుంటూ పెళ్ళి మాటే మరిచిపోయాడు. ఆవిడ పోయాక ఇంట్లో అతనూ రేడియో మిగిలారు. నా భర్త పోయి చాలా కాలమైంది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర తింటాం. అతను డబ్బా నిండా పెప్పరోనీ బాల్స్, అంటే మసాలా మాంసం కూరిన రొట్టె ఉండలు, తెస్తాడు. ఇవి తింటే గుండె ఆగి చస్తావని నేను తిడుతూ అందులో రెండు లాగించేస్తాను. మా మధ్య అంతకు మించి ఏమీ లేదు. ఉంటే బాగుండునని నాకు ఉండేది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, అతనితో అసలే అనలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి గేజిని సిద్ధం చెయ్యడానికి కూర్చున్నాం. సిద్ధం చేసింది నేనే. క్లెమ్ ఓవరాల్ జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పాడు.

“ఆ నీలం దీపం ఎందుకలా కొట్టుకుంటోంది?”

“టాబ్లెట్‌ని వెతుక్కుంటోంది.”

“పాపం, ఎదురుగానే ఉంది కదా.”

“ఎదురుగా ఉన్నా కనపడని వాళ్ళు ఉంటార్లే,” అన్నాను. అతనికి ఎక్కలేదు.

దీపం నిలకడగా వెలిగింది. జత కుదిరింది. గేజినీ సెట్టింగ్ రింగునీ నల్లరాతి బండ మీద పక్కపక్కనే పెట్టి కాసేపు వదిలేశాను. ఆ రింగు లోపలి కొలత ఎంతో ఖచ్చితంగా దాని మీదే చెక్కి ఉంటుంది. గేజికి సరైన కొలత అదే నేర్పాలి. రెండూ ఒకే చల్లదనానికి రాకముందే మొదలుపెడితే తప్పు నేర్చుకుంటుంది. తర్వాత గేజిని రింగులో దించి, మీట నొక్కి, ఇదీ నీ కొలత అని చెప్పాను. దాంతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో మొదటి పేజీ వరకే చదివాను. మీట నొక్కగానే అంకె పంపే పద్ధతిలోనే అది వచ్చింది, అలాగే ఉంచేశాను.

“నువ్వోసారి పట్టుకో,” అన్నాను.

“నీ బొమ్మ, నువ్వే ఆడుకో మహాతల్లీ,” అని చేతులు జేబుల్లోనే ఉంచుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను ఇంటికి పోతూ ఉండగా ట్రెవిస్ అసలు సంగతి చెప్పాడు. గురువారం గేజి పరీక్ష. ముగ్గురు మనుషులు అవే గొట్టాలను, ఏది ఏదో తెలియకుండా, మళ్ళీ మళ్ళీ కొలవాలి. ఒకరి అంకెలు చెదిరితే ఆ మనిషిని ఈ పని మీద ఉంచడానికి వీల్లేదని కంపెనీ షరతు. క్లెమ్, నేను, రాత్రి షిఫ్టులో క్లెమ్ మెషిన్ నడిపే మారిసోల్, మేం ముగ్గురం.

“చెదిరితే ఎక్కడికి పంపుతావ్?” అని అడిగాను.

“ప్యాకింగుకి. మీ ముగ్గురిలో ఎవరివీ చెదరవులెండి.”

ప్యాకింగు వేరే భవనంలో, ఊరికి అవతలి కొసన ఉంది.

మంగళవారం పొద్దున్నుంచి క్లెమ్ కొలతలు నా టాబ్లెట్లో పడటం మొదలైంది. అతను షాపు ఆ చివర, నేను ఈ చివర. మధ్యలో యంత్రాలు అడ్డం ఉండి అతని టోపీ తప్ప ఏమీ కనపడదు. తెర మీద మాత్రం ప్రతి గొట్టానికీ అతని చెయ్యి కనపడసాగింది. మీట నొక్కేలోపు గేజి కొలుస్తున్న అంకె తెర మీద కదులుతూ ఉంటుంది. పొద్దున షిఫ్టు దిగే ముందు మారిసోల్ పట్టుకున్నప్పుడు చివరి అంకె ఒకసారి అటూ ఇటూ ఊగి కుదురుకుంది. క్లెమ్ పట్టుకున్నప్పుడు అది కుదురుకోనే లేదు. కొట్టుకుంది, కొట్టుకుంది, చివరికి ఎక్కడ మీట పడితే అక్కడ ఆగింది.

గేజి పాడయిందనుకున్నాను. అతను కొలిచిన గొట్టాలూ గేజీ తెప్పించి నేనే కొలిచాను. ఒక్కటీ వంక పెట్టేలా లేదు. అతని అంకెలే తప్పు, అన్నీ అసలు కన్నా పెద్దవే. బ్యాటరీ మార్చాను, దీపం చూశాను, రింగు మీద మళ్ళీ నేర్పించాను. మూడో గంటకు ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అది క్లెమ్ చెయ్యి. క్లెమ్ చెయ్యి వణుకుతోంది.

ఎప్పటి నుంచో! కాఫీ కప్పు సగమే నింపుకోవడం, డబ్బా మూత నాకిచ్చి “నువ్వు తియ్యి, నీ గోళ్ళు పెద్దవి” అనడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రోజూ ఎదురుగా కూర్చుని తిన్నదాన్ని, నాకు కనపడలేదు. గాల్లోంచి వచ్చిన అంకెలు చెప్పాల్సి వచ్చింది. ఆ అద్దాల గదిలో కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ట్రెవిస్ అటుగా వస్తే నూనె పొగ పడలేదన్నాను.

బుధవారం భోజనం బల్ల దగ్గర మాట ఎలా ఎత్తాలో తెలియక, నాకు తెలిసిన పద్ధతిలోనే ఎత్తాను.

“రేపటి పరీక్షకి నీ గొట్టాలు నేను కొలుస్తా. ట్రెవిస్ కాఫీకి వెళ్ళినప్పుడు గేజి నాకిచ్చెయ్యి.”

క్లెమ్ తినడం ఆపాడు. “ఎందుకట?”

“ఎందుకో నీకు తెలుసు.”

“తెలీదు. చెప్పు.”

“నిన్నంతా నీ చెయ్యి నా తెర మీద ఆడుతూనే ఉంది క్లెమ్.”

అతని మొహం నల్లబడింది. చేతులు బల్ల కిందికి వెళ్ళిపోయాయి. “అంటే రోజంతా కూర్చుని చూశావన్నమాట! సినిమాలాగా!”

“చూడక చస్తానా, నా పనే అది!”

“నా గొట్టాలు నువ్వు కొలుస్తావా? అలాగే కానియ్. రేపట్నుంచి పొద్దున్నే వచ్చి నా బూట్ల లేసులు కూడా కట్టి వెళ్ళు.”

అతని బూట్లకు లేసులు లేవు. ఊరికే కాలు దూర్చే రకం. ఇద్దరం ఒకేసారి కిందికి చూశాం. అతని కోపం అక్కడికక్కడే జారిపోయింది.

“దొంగ అంకెలతో ఇక్కడ ఉండనే,” అన్నాడు నెమ్మదిగా. “శుక్రవారం పని మానేస్తున్నానని చెప్పేస్తా. వాళ్ళు తీసెయ్యక ముందే.”

నాకు చెయ్యి పట్టుకుని వెళ్ళొద్దని చెప్పాలనిపించింది. “వెళ్ళు, వెళ్ళి ఇంట్లో రేడియోతో పోట్లాడుకో,” అనేసి లేచొచ్చాను. నా నోరు అంతే.

గదిలోకొచ్చి కోపంగా పాత గేజిని డ్రాయరులోంచి తీశాను. ఏం చెయ్యాలో తోచనప్పుడు ఏదో ఒకటి కొలుస్తూ కూర్చోవడం నా అలవాటు. ఒక గొట్టంలో దించి, అలవాటుగా ముందుకూ వెనక్కూ ఊపాను. ముల్లు దిగి, ఒక చోట ఆగి, తిరిగి పైకెక్కింది. ఆ ఆగిన చోటే సరైన కొలత. గేజి కాస్త వంగి ఉంటే రంధ్రం పెద్దదిగా కనపడుతుంది. నిటారుగా వచ్చిన ఒక్క క్షణం మాత్రమే అతి చిన్నగా, నిజంగా చూపిస్తుంది. అందుకే అందరం ఊపుతాం. ఇన్నేళ్ళూ క్లెమ్ కూడా ఊపుతూనే కొలిచాడు, అతని వణుకు ఆ ఊపులో కలిసిపోయింది.

కొత్త గేజి చేతికి రాగానే మేమంతా ఊపడం మానేశాం. ఊపిరి బిగబట్టి మీట నొక్కుతున్నాం, ఫొటో దిగుతున్నట్టు. అలా పెట్టి ఇచ్చింది నేనే.

చిన్న పుస్తకం రెండో పేజీ తిప్పాను. ఊపుతున్నంత సేపూ అన్నిటికన్నా చిన్న అంకెను పట్టి ఉంచుకునే పద్ధతి అందులో ఉంది. అంకె పంపడానికి మీట నొక్కక్కర్లేదు, కాలితో తొక్కే పెడల్ పెట్టె అడుగున ఉంది. దాని కవరైనా నేను విప్పలేదు.

షిఫ్టు అయిపోయాక క్లెమ్ కోటు వేసుకుంటుంటే దారికి అడ్డంగా నిలబడ్డాను.

“లోపలికి రా.”

“లొరెట్, నన్ను వదిలెయ్.”

“రింగు కొలిచి పో. తర్వాత మానేస్తావో, సరస్సులో దూకుతావో నీ ఇష్టం.”

వచ్చాడు. గేజి చేతికిచ్చాను. అతను దాచుకోకుండా ఉంటే ఆ చెయ్యిని మొదటిసారి చూశాను. వెడల్పాటి చెయ్యి, నూనె ఇంకిన గీతలు, గాలికి ఆకు కదిలినట్టు అదే పనిగా కదులుతోంది.

“ఊపు,” అన్నాను. “ఆపడానికి ప్రయత్నం చెయ్యకు. పాతదాన్ని ఎలా ఊపేవాడివో అలాగే. అయ్యాక కాలితో తొక్కు.”

తెర మీద అంకె కిందికీ పైకీ పరుగులు పెట్టింది. పెడల్ తొక్కాడు. అంకె ఆగింది. రింగు మీద ఏది చెక్కి ఉందో అదే. ఇంకోసారి కొలిచాడు, అదే. మరోసారి, అదే.

“నువ్వేదో మార్చావ్,” అన్నాడు అనుమానంగా. “నాకోసం అంకెల్ని సర్దావ్.”

“రింగుని నేనెలా సర్దుతానయ్యా మహానుభావా? దాని కొలత దాని మీదే చెక్కి ఉంది, చదువుకో. కొలిచింది నీ చెయ్యే.”

అతను రింగును వెలుతురులోకి తిప్పి చాలాసేపు చదివాడు. అంతసేపు చదవడానికి దాని మీద అన్ని మాటలు లేవు. కళ్ళు తుడుచుకోవడానికి ఇటు తిరగలేక అలా నిలబడ్డాడని నాకు తెలుసు. నేను పెడల్ తీగ చుడుతున్నట్టు నటించాను, తీగే లేని పెడల్‌కి.

గురువారం పరీక్ష జరిగింది. ఆ పద్ధతి ఏమిటో ట్రెవిస్‌కి చూపిస్తే, “అందరూ ఇలాగే చెయ్యాల్సింది కదండీ!” అని నెత్తి కొట్టుకుని ముగ్గురితోనూ అలాగే కొలిపించాడు. సాయంత్రం లెక్క తేల్చి, “ముగ్గురివీ సరిపోయాయి. అంకెలు చూసి ఏవి ఎవరివో నేనే చెప్పలేను,” అన్నాడు. నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఇంక నోరు మూసుకుంటే చాలు, గండం గడిచినట్టే.

క్లెమ్ నోరు మూసుకోలేదు. ట్రెవిస్ ముందు కుడిచెయ్యి చాపాడు. అది వణుకుతూ గాల్లో ఉండిపోయింది.

“నీ అంకెల్లో కొన్ని ఈ చెయ్యి కొలిచినవి,” అన్నాడు. “తెలిసి ఉంచుకుంటావా, తీసేస్తావా, నువ్వు చెప్పు బాబూ.”

అతని పీక పిసకాలనిపించింది నాకు. ట్రెవిస్ ఆ చేతిని చూశాడు, తెరను చూశాడు, మళ్ళీ చేతిని చూశాడు.

“కొలత సరిగ్గానే ఉంది కదండీ. తీసెయ్యడం దేనికి?” అన్నాడు. “గొట్టాలు ఎత్తడానికి మాత్రం ఇకమీదట హాయిస్టు వాడండి, నా మాట వినండి. డాక్టరుకి చూపించుకున్నారా?”

“లేదు.”

“చూపించుకోండి. మీ మెషిన్ ఎక్కడికీ పోదు.”

ట్రెవిస్ వెళ్ళాక నేను విరుచుకుపడ్డాను. “నిన్నెవరు చెప్పమన్నారు? గట్టెక్కావు కదా! చెప్పకపోతే వాడికి జన్మలో తెలిసేది కాదు!”

“వాడికి తెలుస్తుందని నాకెప్పుడూ భయం లేదు లొరెట్,” అన్నాడు. “నీకు తెలుస్తుందనే భయపడ్డా. నీకు తెలిసిపోయాక ఇంకెవరికి తెలిస్తే ఏంటి?”

నేను గేజిని పెట్టెలో పెట్టి మూత వేశాను, మళ్ళీ తీశాను, మళ్ళీ వేశాను.

“డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే పోవాలంటే కాళ్ళాడట్లేదు,” అన్నాడు. “వస్తావా?”

వస్తానన్నాను. పెప్పరోనీ బాల్స్ గురించి డాక్టరుకి చెప్పేస్తానని బెదిరించాను కూడా.

మరుసటి వారం వెళ్ళాం. మంచు పడుతోంది, బండి నేనే నడిపాను. ఆస్పత్రిలో మా వంతు వచ్చింది. లోపలికి అతన్ని పిలిచి, నేను కూడా లేవడం చూసి నర్సు ఆపింది.

“మీరు ఈయనకి ఏమవుతారమ్మా?”

ఏమని చెప్పను? ఒకే షాపు అనాలా, ఒకే బల్ల దగ్గర తింటాం అనాలా? నేను తడుముకుంటూ ఉంటే క్లెమ్ వెనక్కి తిరిగాడు. వణికే చెయ్యి, ఆ కుడిచెయ్యే, అందరి ముందూ నా వైపు చాపాడు.

“నా మనిషండీ,” అన్నాడు నర్సుతో.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. నా చేతిలో అది వణుకుతూనే ఉంది. నర్సు పక్కకు తప్పుకుని ఇద్దరినీ లోపలికి రమ్మంది.