సాయంత్రం తాగిన నీళ్లు

ఇనుప పలక మీద గాజుల లక్కను పొడుగ్గా దొర్లిస్తూ బసవయ్య కుంపటి వేడిని చెవితోనే అంచనా కట్టాడు. బొగ్గు చిటపటలు ఆగాయి, అంటే సరిపోయింది. లాడ్ బజార్ వెనక గల్లీలో, మేడ మీది ఆ చిన్న గదిలో ఫ్యాను ఉంది కాని తిరగదు. గాలి తగిలితే లక్క బిగుసుకుంటుంది. ముప్పయ్యేళ్ల వేడికి అతని మోకాళ్లు నల్లబడ్డాయి, వేళ్ల కొసలు తోలులా గట్టిపడ్డాయి.

లక్క చేతిలో ఉండగా లేవకూడదు. మరుగుదొడ్డి రెండు గల్లీల అవతల. వెళ్లొచ్చేసరికి లక్క ఆరిపోతుంది, మళ్లీ కాచినదానికి ఆ నిగారింపు రాదు. అందుకే పనిలో ఉన్నంతసేపూ నీళ్లు ముట్టరు. ఇది బసవయ్యకు ఎవరూ నేర్పలేదు. తండ్రి తాగకపోవడం చూసి తనూ మానుకున్నాడు.

మొదటిసారి కిడ్నీలో రాయి పడ్డప్పుడు అతనికి ముప్పై రెండేళ్లు. తర్వాత ఇంకో నాలుగుసార్లు. నొప్పి తగ్గిందే కాని వెళ్లిపోయిందని అతను ఏనాడూ నమ్మలేదు. అది తన వీపు వెనకే, గోడకు ఆనుకుని, ఓపిగ్గా కూర్చుని ఉంటుంది. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరో ఊపిరి తీసినట్టయి వెనక్కి తిరిగి చూసేవాడు.

పోయిన ఏడాది డాక్టరమ్మ ఎడమ కిడ్నీ ఎండిపోయిందని, ఇక కుడిది ఒక్కటే దిక్కని చెప్పింది. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమంది.

తాగుతున్నాడు. ఒక్కరోజూ తప్పలేదు. సాయంత్రం సంతోష్‌నగర్‌లో ఇల్లు చేరి, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుని మూడు సీసాలూ వరసగా ఖాళీ చేస్తాడు. భార్య కమల ఎదురుగా నిలబడి చూస్తుంది. చెప్పినంతా తాగాడని ఇద్దరికీ నిమ్మళం.

ఇవాళ పొద్దున్నే వణుకు మొదలైంది. కమల నుదురు తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కాలిపోతున్నవ్. ఇయ్యాల పోకు."

"పెండ్లి గాజులే. రేపు పొద్దుగాల తీస్కపోతరు. అచ్చినంక నీళ్లు తాగుత గద, ఫికర్ జెయ్యకు."

మధ్యాహ్నానికి బనీను తడిసి, ఆరి, మళ్లీ తడిసింది. పొద్దుట్నుంచి ఒక్కసారీ మూత్రం రాలేదు. పని ఆగలేదు కదా, మంచిదే అనుకున్నాడు. పక్క పలక ముందున్న కొండల్ అతన్నే చూస్తున్నాడు.

"ఏందే బసవన్నా, కుంపటి ముంగట కూసోని పెండ్లికొడుకు లెక్క వణుకుతున్నవ్?"

"నీ పెండ్లిల నువ్వు గిట్లనే వణికినవ్ తియ్."

"నేను నా పెండ్లాన్ని జూసి వణికిన. నువ్వు ఎవర్ని జూస్తున్నవే?"

బసవయ్య వెనక్కి తిరిగాడు. గోడ వైపు చూశాడు.

నాలుగు గంటలకు అది లేచి వచ్చింది. నడుము నుంచి గజ్జల్లోకి దిగే దారి దానికి బాగా తెలుసు. బసవయ్య కర్ర చుట్టూ లక్కను వంచాడు. ఇక కొసలు కలపడమే మిగిలింది.

"కొండలూ, జర నీళ్లియ్యి."

ఆ గదిలో అతని నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. కొండల్ నవ్వబోయి ఆగిపోయి, కింద చాయ్ దుకాణం నుంచి చెంబెడు తెచ్చాడు. బసవయ్య అడుగుదాకా తాగాడు. తర్వాత, లక్క ఇంకా వేడిగా ఉండగానే, లేచాడు.

"లక్క ఆరుతదే అన్నా!"

"ఆరనియ్యి. పోసొస్త."

గోడ పట్టుకుని మెట్లు దిగాడు. గల్లీ మలుపులో మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. గాజులు బేరమాడుతూ జనం పక్కనుంచే పోయారు. కొండల్ వెతుక్కుంటూ వచ్చేసరికి అతని తల గోడకు ఆని ఉంది.

ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. ఉన్న ఒక్క కిడ్నీకీ రాయి అడ్డుపడిందని, చీము రక్తంలోకి పాకిందని డ్యూటీ డాక్టరు చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పటికే బసవయ్య లేడు.

"మూడు లీటర్లు తాగిండు సారూ," అంది కమల. "రోజు. నా ముంగటనే."

"ఎప్పుడమ్మా?"

"పని అయినంక. ఒక్కపారే."

"రోజంతా కొంచెం కొంచెంగా..." అనబోయి, డాక్టరు కేస్ షీటు మూశాడు.

మర్నాడు కొండల్ ఆ పలక తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కర్రకు చుట్టిన ఎర్ర లక్క, బొటనవేలు నొక్కిన గుంటతో, కొసల మధ్య వేలెడు ఎడంతో, అలాగే గట్టిపడి ఉంది.