కారు రేడియో మూడో బటన్

మా కారు రేడియోకి అయిదు బటన్లు. మధ్యలో ఉన్న మూడోది నాది. అందులో దేవుని వాక్యం వచ్చే స్టేషన్ పెట్టుకున్నాను. 1984 ఎండాకాలంలో శనివారం హాస్పిటల్ డ్యూటీకి బయల్దేరి ఆ బటన్ నొక్కితే, ప్రసంగం బదులు పాప్ పాటలు! ఎవరో ఇంగ్లండు ఆడపిల్లలట, ముగ్గురు. కొత్త గ్రూప్ అని అనౌన్సర్ తెగ మురిసిపోతున్నాడు. ఆ బటన్‌కి మళ్ళీ నా స్టేషనే పెట్టాను. పై శనివారం మళ్ళీ వాళ్ళే.

వారమంతా కారు మా ఆయన ఆనందబాబు చేతిలో ఉంటుంది. ఆయనకి పాటల గోల లేదు. అంటే పక్కన ఇంకెవరో కూర్చుంటున్నారు. నర్సుని కదా, లక్షణాలు చూసి రోగం పసిగట్టడం నాకు అలవాటు. పక్క సీటు ముందుకి జరిగి ఉంది. దాని కింద పిప్పరమెంటు కాగితం దొరికింది. ఆయన ఆఫీసులో మీనా అని ఒకావిడ ఉంది, మాలాగే న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో ఉంటుంది.

మొహం మీదే అడిగేశాను. మీనాని ఎప్పుడూ ఎక్కించుకోలేదన్నారు. మరి బటన్ ఎవరు మార్చారంటే తల దించుకుని, "వదిలెయ్ విమలా," అన్నారు. తప్పు చేయని మనిషి తల దించుకోవడం ఎందుకు? నాకు కోపం కన్నా భయం ఎక్కువైంది. పన్నెండేళ్ళ కాపురం చేజారిపోతోందని ఏడ్చాను. డల్లాస్‌లో మా అక్కకి ఫోన్ చేసి టికెట్ బుక్ చేయమన్నాను.

గురువారం సాయంత్రం టికెట్ పోస్టులో వచ్చింది. వెళ్ళేలోగా ఇంకేదైనా ఆధారం దొరుకుతుందేమోనని, కారు వెతకడానికి గరాజ్‌లోకి వెళ్ళాను. లోపల రేడియో మోగుతోంది. పక్క సీట్లో మా అత్తయ్య కరుణమ్మ గారు. మూడు నెలల కిందట నరసాపురం నుంచి వచ్చారు. రోజూ ఈ టైముకి వాకింగ్‌కని బయల్దేరతారు. ఇప్పుడు కళ్ళు మూసుకుని, మోకాలి మీద తాళం వేస్తూ, ఆ ముగ్గురిలో ఒకరి గొంతు తనే పాడుతున్నారు.

నన్ను చూసి గబుక్కున రేడియో కట్టేశారు.

"మా చర్చిలో అక్కచెల్లెళ్ళం ముగ్గురం ఇలాగే పాడేవాళ్ళం. వాళ్ళిద్దరూ పోయారమ్మా," అన్నారు. మొదట్లో అనౌన్సర్ ఈ పాట రోజుకి ఒక్కసారే వేసేవాడట, ఇప్పుడు మూడుసార్లు వేస్తున్నాడట. కారు తాళం కొడుకే ఇచ్చాడట. మధ్య బటనైతే అమ్మకి గుర్తుంటుందని, నేను మార్చినప్పుడల్లా మళ్ళీ తనే పెట్టేవాడట.

"నాతో చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"నువ్వంటే భయం అమ్మాయ్. వాడికీ అంతే."

ఆవిడ వచ్చిన రోజు గుర్తొచ్చింది. వంటింట్లో రేడియో తిప్పబోతే, ఈ ఇంట్లో లోకం పాటలు పెట్టకూడదని చెప్పి నేనే ప్లగ్ పీకేశాను. నా అనుమానం పూర్తిగా తప్పేం కాదు. నాకు తెలీకుండా నా వెనక ఇద్దరు ఉన్నారు, తల్లీ కొడుకూ. సిగ్గుతో చచ్చిపోయాను.

డ్రైవర్ సీట్లో కూర్చుని మూడో బటన్ నొక్కాను. ఏదో సబ్బు ప్రకటన వస్తోంది. మళ్ళీ పాట ఎప్పుడు వేస్తాడని అడిగాను.

చెప్పొచ్చో లేదోనని నా మొహం చూసి, "ఎనిమిదింటికి," అన్నారు.