వంతెన ముందు బొమ్మ

సైకిలు దారిని వంతెన దగ్గర ఆపేశారు. ఆపినవాళ్ళలో ఒక్కడికీ ఒంటి మీద గీత పడలేదు. అందరూ వేళకు తిని వేళకు నిద్రపోతున్నారు.

ఆపినవాళ్ళ మాట తర్వాత. ఆ ఉదయం అతను బాయిలరు కింద మంట సరిచేస్తున్నాడు. లారీ వెనక బిగించిన పాత ఇనప బాయిలరు అది. అందులో తెల్లటి పొడి బస్తాలకు బస్తాలు కుమ్మరిస్తే, చాలాసేపు మరిగి చిక్కటి జావలా అవుతుంది. దాన్ని చిన్న తోపుడుబండి తొట్టిలోకి వంపుకుని, రోడ్డు మీద ఆనించి తోసుకుంటూ పోతే వెనక గీత పడుతుంది. అది గట్టిపడేలోపే పైన గాజుపొడి చల్లాలి. చీకట్లో బండ్ల దీపాలు పడితే మెరిసేది ఆ పొడే.

పెళ్ళికి ముందు నుంచీ అతనికి ఇదే పని. ముంజేతుల నిండా మచ్చలు. మరిగే చుక్క పడిన చోటల్లా చర్మం కాలి, మాని, రంగు మారిపోయింది. కనుబొమలు సగం ఊడిపోయాయి. వంగి వంగి నడుము ఆ వంపుకే అలవాటు పడింది. తిన్నగా నిలబడినా, ఏదో జారవిడుచుకుని వెతుక్కుంటున్న మనిషిలా కనిపిస్తాడు. నగరంలో సగం గీతలు అతను గీసినవే. వాటిని తొక్కుకుంటూ పోయేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

మంట చూసేవాణ్ణి అందరూ పొగ అని పిలుస్తారు. అసలు పేరు వాడి పెళ్ళానికైనా గుర్తుందో లేదో.

"ఇవాళ వదిన కడుపు నిండిపోతుందన్నా," అన్నాడు పొగ. "ఇన్నేళ్ళు కొట్లాడి దారి తెచ్చింది. చివరికి మొగుడి చేత్తోనే గీయిస్తోంది."

"సగం దారి."

"సగమైతే ఏం? లేని మామ కన్నా గుడ్డి మామ మేలన్నారు."

"ఈ గుడ్డి మామ వంతెన దాకా వచ్చి చెయ్యి వదిలేస్తాడురా," అన్నాడు అతను. ఆ మాట అతనిది కాదు. పొద్దున ఇంట్లో భార్య అన్నది.

ఆమె ఏటికి అవతల ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేసేది. దుప్పట్లు, దిండు గలీబులు, రక్తం మరకలు. ఆమె పని వేళకు బస్సు ఉండదు కాబట్టి సైకిలు. వాళ్ళకు పిల్లలు లేరు. ఎవరి లోపమని ఇద్దరూ ఎన్నడూ వెతకలేదు. ఆమెకున్న బలగమంతా తోటి పనివాళ్ళే. ఒక ఏడు వాళ్ళలో ఒకామెను వంతెన మొదట్లో వ్యాను గుద్దింది. తుంటి విరిగి ఇప్పటికీ ఆమె కర్ర పట్టుకునే నడుస్తుంది. ఆనాటి నుంచి మొదలైంది అతని భార్య పోరు. ఉతికేవాళ్ళను, పాలవాళ్ళను, కాపలావాళ్ళను, సైకిలెక్కే ప్రతివాణ్ణీ పోగేసింది. నెలనెలా వార్డు ఆఫీసుకు తీసుకుపోయింది. పల్లెటూరి బడిలో ఐదో తరగతితో ఆమె చదువు ఆగింది. నోరు మాత్రం ఆగలేదు.

చివరికి మీటింగు పెట్టారు. ఇంజినీరు లేచి సౌమ్యంగా చెప్పాడు. రోడ్డు తమదట, వంతెన వేరే శాఖదట. ముందు వంతెన వరకు దారి వేసేద్దాం, తర్వాత సంగతి తర్వాత చూద్దాం.

"సగం ఏటికి ఎవరన్నా వంతెన కడతారా సారూ?" అని ఆమె అడిగింది. "మరి సగం దారి వేసి సైకిలెక్కమంటారేం? మిగతా సగం ఎగిరి వెళ్ళాలా?"

హాలంతా నవ్వింది. ఇంజినీరూ నవ్వాడు. నవ్వి, సగం దారికే సంతకం పెట్టాడు.

అతను ఆ మీటింగుకు వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులన్నాడు. మోకాళ్ళవి ఎప్పుడూ ఉన్న నొప్పులే. కాంట్రాక్టరు కూడా అక్కడ ఉంటాడు, భార్య పక్కన తాను కనబడటం దేనికని ఆగిపోయాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి, నొప్పులకు నూనె కాచి ఇచ్చింది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పొద్దున అతను బయలుదేరుతుంటే కదిపింది.

"ఏమయ్యా, గీసే చెయ్యి నీదే కదా. వంతెన కనబడగానే దానికి పక్షవాతం వస్తుందా?"

"నా చెయ్యి నాది కాదే. సూపర్‌వైజరు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగుతుంది."

"తిండి మాత్రం దారి తప్పకుండా నీ నోట్లోకే పోతోందే!"

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టవుతుందని చెప్పులు వెతుక్కున్నాడు.

బాయిలరు మరుగు పట్టేసరికి ఆమె సైకిలు మీద వాళ్ళను దాటింది. గంట కొట్టింది. పొగ చెయ్యి ఊపాడు. అతను తల పంకించాడు, అంతే. కానీ వంతెన దాకా చూస్తూనే ఉన్నాడు. అక్కడ రోడ్డు ఒక్కసారిగా ఇరుకై పక్కకు తిరుగుతుంది. వెనకొచ్చే బండికి ముందున్న సైకిలు చివరి నిమిషం దాకా కనబడదు. ఆమె అలవాటు ప్రకారం టైర్ల కొట్టు ముందు దిగింది. కొట్టువాడితో ఏదో అంది. సైకిలు పక్కన పెట్టుకుని, గోడవారగా, మెల్లగా నడిపించుకుంటూ వంతెన దాటింది. ఎక్కడైనా పరుగే ఆమెది. అక్కడ మాత్రం తొందరపడేది కాదు.

తర్వాత పని పనిలా సాగింది. దారానికి సుద్ద పట్టించి రోడ్డు మీద బిగించి లాగి కొట్టారు. ఆ గుర్తు వెంట అతను బండి తోశాడు. ఎండ ముదిరేకొద్దీ పైనుంచి ఒక వేడి, తొట్టి నుంచి ఒక వేడి. అంగీ ఒంటికి అంటుకుపోయి ఉప్పు చారలు కట్టింది. అక్కడక్కడా ఆగి రేకు అచ్చు నేల మీద పరిచి, దాని ఖాళీల్లో ముద్ద నింపి సైకిలు బొమ్మ వేశారు. రెండు చక్రాలు, హ్యాండిలు, పైన ముందుకు చూపే బాణం. అచ్చు ఎత్తినప్పుడల్లా పొగ "పుట్టాడ్రా బిడ్డ" అనేవాడు. మొదటిసారి అతను నవ్వాడు. తర్వాత విసుక్కున్నాడు. మధ్యాహ్నానికి అతనే ముందుగా అనేశాడు.

వంతెన ఇంకా కాస్త దూరం ఉందనగా సూపర్‌వైజరు దీపస్తంభం పక్కన చెప్పు కాలితో నేల మీద గీరి చూపించాడు.

"ఇక్కడికి ఆపెయ్. అవతల మనది కాదు."

గీత అక్కడ ఆగింది. సూపర్‌వైజరుకు ఇంట్లో ఏదో పని ఉందట, మోటారుసైకిలెక్కి పోయాడు. పని పూర్తయ్యేదాకా సూపర్‌వైజరు ఉండాలి. ఎప్పుడూ ఉండడు.

బాయిలరు అడుగున ఇంకా ముద్ద మిగిలింది. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. బాయిలరు ఖాళీ చెయ్యకుండా మంట ఆర్పకూడదు. ఆర్పితే అడుగున ముద్ద రాయి అయిపోతుంది. మర్నాడు లోపలికి దూరి ఉలితో పగలగొట్టాలి. ఆ పని కన్నా జైలు నయమంటాడు పొగ. అందుకే మిగిలినదాన్ని పాత గీతల మీద మరో పూత వేసో, రోడ్డు పక్క గోతిలో పోసో వదిలించుకుంటారు.

"గోతిలో పోసెయ్యనా అన్నా?"

అతను వంతెన వైపు చూశాడు.

"అచ్చు తే."

"అక్కడ గీత లేదుగా. బొమ్మెందుకు?"

"తే అన్నానా."

వంతెన మొదట్లో, రోడ్డు మలుపు తిరిగే చోట, ఇద్దరూ అచ్చు పరిచారు. బండ్లు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. పొగ ఎర్రగుడ్డ ఊపుతూ నిలబడ్డాడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, నొప్పి మరిచి, మూలమూలకూ ముద్ద సర్దాడు. మిగిలిన గాజుపొడంతా దాని మీదే చల్లాడు. బాణం వంతెన అవతలికి, ఆసుపత్రి వైపు చూపిస్తోంది. ఆ రోజు వేసిన బొమ్మల్లో అంత తీరుగా కుదిరింది మరొకటి లేదు. పెళ్ళయ్యాక అతను ఆమెకు ఏమీ ఇవ్వలేదని కాదు. ఇచ్చినవేవీ ఆమె అడిగినవి కావు. ఇది అడిగింది.

"వదిన చూసి ఏమంటుందంటావ్?"

"చక్రాలు వంకరంటుంది," అన్నాడు అతను. ఆ రోజు అతని నోట వచ్చిన ఒకే ఒక్క సంతోషపు మాట అది.

లారీని డిపోకు తెచ్చి బాయిలరు కడిగారు. అడుగు అద్దంలా ఉంది. పొగ ఈలపాట అందుకున్నాడు. పొద్దు వాలుతుండగా డిపో కాపలావాడు గేటు దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. అతని పేరు పెట్టి పిలవబోయి, ఆగి, పొగను పక్కకు పిలిచాడు.

వాళ్ళు ఆసుపత్రికి చేరేసరికి ఆమె లేదు. డ్యూటీలో ఉన్న నర్సు ఆమెను ఎరుగును. "ఎక్కువసేపు బాధపడలేదు" అంది. ఎవరికైనా అదే చెబుతారు. ఆమె మీద కప్పిన దుప్పటి ఆ ఆసుపత్రిదే. ఆమె ఉతికిందో, మరొకరు ఉతికారో.

వరండా బల్ల మీద టైర్ల కొట్టువాడు కూర్చుని ఉన్నాడు. ఆమెను ఆటోలో వేసుకొచ్చింది వాడే. అంగీకి ఒకవైపంతా రక్తం. ఎవరడిగినా అదే చెబుతున్నాడు. ఎవరూ అడగకపోయినా చెబుతున్నాడు.

"రోజూ నా కొట్టు ముందే దిగేదన్నా. వెళ్ళేటప్పుడు ఇటు, వచ్చేటప్పుడు అటు గోడవారగా నడిచే వచ్చేది. ఇవాళ తోటి ఆడవాళ్ళెవరో దారి పడిందని చెప్పారంట, పని మధ్యలో చూసిపోదామని వచ్చింది. వంతెన దాటొచ్చి ఆ గీత మీద కాసేపు అటూ ఇటూ తొక్కింది, చిన్నపిల్లలాగా. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళబోతూ నా కొట్టు ముందు ఆగింది. నేల మీద బొమ్మ చూసింది. 'చూశావా తమ్ముడూ, వంతెన మీదా వేశారు' అని నవ్వింది. దిగలేదన్నా. గంట కొట్టి మరీ ఎక్కింది వంతెన. మలుపులో లారీ. లారీవాడికి బొమ్మ కనబడలేదు, మనిషీ కనబడలేదు."

పొగ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అతను ఎదుటి గోడ వైపు చూశాడు. గోడకు సున్నం కొత్తగా వేశారు. బాగానే వేశారు.

బట్టలుతికే ఆడవాళ్ళంతా వచ్చారు. రోజంతా నీళ్ళలో నాని ముడతలు పడిన చేతులతో వచ్చి అతని చేతులు పట్టుకున్నారు. కర్ర ఊతంతో నడిచే ఆవిడ అతని ముందు నిలబడి ఏడవకుండా మాట్లాడింది.

"దారి లేనిచోట బొమ్మ వేసి పిలిచి చంపారు అన్నయ్యా. ఆ బొమ్మ వాళ్ళదే. వంతెన మాది కాదని ఇంక ఏ నోటితో అంటారు? రేపు ఆఫీసు ముందు కూర్చుంటాం. అవతలి గట్టు దాకా దారి వేసేదాకా లేవం."

అతను నోరు తెరిచాడు.

చెబితే వాళ్ళ చేతిలోని కర్ర విరిగిపోతుంది. తప్పు శాఖది కాదు, కూలివాడిదని ఇంజినీరు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. ఆమె ఇన్నేళ్ళ పోరూ ఆమెతోనే పోతుంది. చెప్పకపోతే? అది ఆమె కోసం చేసే మేలా, తన పిరికితనమా? లోపల వెతికితే రెండోదే దొరుకుతుందని అతనికి తెలుసు. వెతకలేదు. నోరు మూశాడు.

ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎండలో కూర్చున్నారు, వానలో కూర్చున్నారు. ఆ బొమ్మ ఎవరు వేశారని ఇంజినీరు ఆరా తీశాడు. తాను ముందే ఇంటికి పోయిన సంగతి బయటపడుతుందని సూపర్‌వైజరు, అది ప్లానులో ఉన్నట్టే గుర్తు అన్నాడు. పొగను అడిగితే, తాను మంట తప్ప ఏమీ చూడనన్నాడు. అలా ముగ్గురు మగవాళ్ళ మూడు భయాలు కలిసి ఒక నిజాన్ని పూడ్చేశాయి. శాఖలు రెండూ ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. వంతెన మీద ఒక పక్కంతా సైకిళ్ళకు విడదీసి, లారీలు రాకుండా దిమ్మెలు కట్టారు. ఆమె బతికుండగా కుదరదన్న పనే ఇది.

గీత వేయడానికి అతన్నే పిలిచారు. వెళ్ళాడు. సుద్ద దారం బిగించి కొట్టాడు, బండి తోశాడు. పాత బొమ్మ చెరపాల్సిన పని లేకపోయింది. గీతలు దానికి అటూ ఇటూ వచ్చి సరిగ్గా అమరాయి. ఇప్పుడా బొమ్మ అబద్ధం కాదు.

దారి తెరవడానికి ముందురోజు సాయంత్రం బామ్మర్ది ఇంటికి వచ్చాడు. ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు.

"బావా, రేపు దారికి అక్క పేరు పెడతారట. నువ్వు రెండు ముక్కలు మాట్లాడాలి. అందరూ అడుగుతున్నారు."

"మాట్లాడను."

"అక్క కోసమన్నా..."

"ఒరేయ్." గొంతు పెంచలేదు. "ఆ దారి మాట, ఆ వంతెన మాట, మీ అక్క ఎట్లా పోయిందన్న మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. నన్ను కాటికి మోసేటప్పుడు కూడా నా పక్కన ఎవరూ ఎత్తకూడదు."

"బండరాయివి బావా నువ్వు. అక్క నీతో ఎట్లా కాపురం చేసిందో!"

అతను అవునన్నట్టు తల ఊపాడు. బామ్మర్ది చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అన్నమాట ప్రకారం అతను మళ్ళీ ఎవరితోనూ ఆ సంగతి మాట్లాడలేదు.

వసారాలో, ఆమె వదిలివెళ్ళినచోటే, విడిగా ఉంచుకునే సైకిలు ట్యూబు ఒకటి నేల మీద ఉంది. చిల్లుకు అతుకు వేసి, అంటుకోవడానికి దాని మీద ఇటుక పెట్టి పనికి పోయిందామె. అతను రోజూ దాని చుట్టూ ఊడుస్తాడు. ఇటుక మాత్రం ఎత్తడు. అతుకు పట్టిందో లేదో ఎవరూ చూడలేదు.