సవరణ దస్తావేజు

అంజయ్య ఆ ఇంటికి పోయింది పరామర్శకే.

మన్సూరాబాద్‌లో ఇప్పుడు కాలనీలున్న చోట ఒకప్పుడు వాళ్ల జొన్నచేలు ఉండేవి. తొంభై ఆరులో ఆయన అందులో కొంత ప్లాట్లు చేసి అమ్మినప్పుడు, రెండొందల గజాలు విశ్వేశ్వరరావు కొన్నాడు. భీమవరం దగ్గరి మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. జీతంలో మిగిల్చుకుంటూ ముందు కింద రెండు గదులు, పదేళ్ల తర్వాత పైన ఒక పోర్షన్ కట్టుకున్నాడు. పునాదికి ముగ్గు పోసిన రోజు అంజయ్య దగ్గరుండి హద్దురాళ్లు చూపించాడు. ఆ తర్వాత అటుగా పోయినప్పుడల్లా ‘సారూ’ అని పిలిచి, వరండాలో కాసేపు కూర్చుని వచ్చేవాడు.

2021 మే నెలలో ఇద్దరికీ ఒకే వారంలో కరోనా వచ్చింది. అంజయ్య ఇరవై రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. విశ్వేశ్వరరావు బయటపడలేదు. గుండె మీద భారం పడుతుందని ఆ కబురు అంజయ్యకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆయాసం తగ్గి, జులై చివర్లో ఆయన మొదటిసారి వీధిలోకి నడిచినప్పుడు పాలబూత్ దగ్గర ఎవరో మాటల మధ్యలో అన్నారు. ఆయన ఇంటికి తిరిగి రాకుండా అటునుంచి అటే పోయాడు.

గేటు చప్పుడుకి విశ్వేశ్వరరావు భార్య ఇందిరాదేవి బయటికి వచ్చింది. ఎవరో పోల్చుకోవడానికి వీలుగా అంజయ్య మాస్కు కిందికి లాగాడు. ఆవిడ గడియ మీద చెయ్యి వేసి, అలాగే ఆగిపోయింది. భర్త పోయిన దుఃఖం అనుకున్నాడు ఆయన. లోపలి నుంచి కూతురు అలేఖ్య వచ్చి, తల్లి భుజం పట్టుకుని, ఆయన వంక వింతగా చూసింది.

“మీరు... మీరు పోయారని చెప్పాడండీ మీ అబ్బాయి,” అంది ఇందిరాదేవి చివరికి.

అంజయ్యకు వెంటనే అర్థం కాలేదు. అలేఖ్య కుర్చీ వేసింది. మంచినీళ్లు తెచ్చింది. తర్వాత ఇందిరాదేవి ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది.

కాలేజీలు మూతపడ్డాక ఏడాదిగా విశ్వేశ్వరరావుకి జీతం సగమూ లేదు. పైపోర్షన్‌లో అద్దెకున్న విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆయన కూడా లేడు. ఇల్లు అమ్మేసి, చంపాపేట్‌లో చిన్న ఫ్లాటు తీసుకుని, మిగిలింది బ్యాంకులో వేసుకుంటే కూతురు చదువు ముగిసేదాకా బతకొచ్చని ఆవిడ అనుకుంది. ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తుండగా మణికంఠ తనంతట తనే వచ్చాడు. అంజయ్యగారి కొడుకంటే కొత్తవాడు కాదు కదా అని కాగితాలన్నీ అతని చేతిలో పెట్టింది.

నాలుగో రోజు అతను దిగులు మొహంతో తిరిగి వచ్చాడు. దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడిందన్నాడు. డెబ్బై అయిదు అని ఉండాల్సింది యాభై ఏడు అని రాశారు. ఇలాంటి కాగితం మీద ఏ బ్యాంకూ అప్పివ్వదు, లోను రాని ఇంటిని ఎవరూ కొనరు. దీన్ని సరిచేయాలంటే అమ్మినాయనే వచ్చి సవరణ దస్తావేజు రాసివ్వాలి, వారసులు రాసిస్తే చెల్లదు. ఆ మాట చెప్పి మణికంఠ తల దించుకున్నాడట.

“మా నాయిన కూడా మొన్న మేలోనే పోయాడు ఆంటీ అన్నాడండీ. ఆ సోఫాలోనే కూర్చుని ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను. మన రెండిళ్లకీ ఒకే వారంలో దెబ్బ తగిలింది బాబూ అని నేనే ఓదార్చి కాఫీ ఇచ్చాను.”

మళ్లీ వచ్చి, వేరే ఎవరూ కొనరు కాబట్టి ఆ తప్పు తాను నెత్తిన వేసుకుంటానని, డెబ్బై అయిదు లక్షలు ఇస్తానని చెప్పాడట. వచ్చే బుధవారం అగ్రిమెంటు. పక్క వీధిలో ఇలాంటి ఇల్లే కోటీ ముప్పైకి పోయిందని ఆవిడకు తెలుసు. తెలిసినా ఏం చేయగలదు? పైగా తండ్రి పోయిన పిల్లవాడు, తమ కోసం నష్టపోతున్నాడనే అనుకుంది.

అంజయ్య నీళ్ల గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. తాగలేకపోయాడు. తన చావుకి ఈ ఇంట్లో కాఫీ తాగి వెళ్లాడు తన కొడుకు.

“అమ్మా, బుధవారం నువ్వేం సంతకం పెట్టకు,” అన్నాడు లేస్తూ. “సారు పోయిన కాగితం, మీరే వారసులన్న కాగితం తీసి పెట్టుకో. నేనొస్త.”

ఎల్బీనగర్ మెయిన్ రోడ్డు మీది షట్టరు అంజయ్య పేరు మీదే ఉంది. దాంట్లోనే మణికంఠ రియల్ ఎస్టేట్ ఆఫీసు. చైతన్యపురిలో ఎవరికో ఫ్లాటు చూపించడానికి పోయిన కొడుకు ఆఫీసులో లేడు. అంజయ్య దగ్గర రెండో తాళంచెవి ఉంది. ఏం వెతకాలో తెలియకుండానే లోపలికి పోయాడు. టేబుల్ మీద పొడుగు నోటుబుక్కు తెరిచే ఉంది.

కొడుకు చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంటుంది. చిన్నప్పుడు బడిలో దానికి బహుమతి కూడా వచ్చింది. ఆ అందమైన రాతలో కాలనీల పేర్లు, ఇంటి నంబర్లు, పక్కనే పోయినవాళ్ల పేరు, తేదీ, ఆ పక్కన ఒక్కో ముక్క. ‘భార్య ఒక్కతే. తొందరలో ఉంది.’ ‘అన్నదమ్ములు కొట్లాడుకుంటున్నరు. ఆగాలి.’ ‘పదకొండో రోజు అయినంక పోవాలి.’ ఒక ఇంటి దగ్గర చనిపోయిన తేదీ రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసి ఉంది. పక్కన ‘ఇంకా వెంటిలేటర్ మీదనే. చూద్దాం’ అని రాసుకున్నాడు.

ఆక్సిజన్ సిలిండర్లు అద్దెకిచ్చే ఒకతని పేరూ ఫోన్ నంబరూ అట్ట మీద ఉన్నాయి. ఏ ఇంటికి సిలిండరు పోతే ఆ ఇంటి అడ్రసు ఇక్కడికి వస్తుందన్నమాట. ఆసుపత్రిలో చేరకముందు తన ఇంటికి వచ్చిన సిలిండరును అంజయ్య గుర్తు చేసుకున్నాడు. తన పేరు కూడా ఇట్లాగే ఎవడి నోటుబుక్కులోనో ఎక్కి ఉంటుంది. వేళ్లకి బంకలాంటిదేదో అంటినట్టు అనిపించి, చెయ్యి పంచెకి రుద్దుకుంటూ బయటపడ్డాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం తండ్రీకొడుకులు అన్నానికి కూర్చున్నప్పుడు ఆయన అడిగాడు. గొంతు పెంచలేదు.

“నేను సచ్చిపోయిన్నని చెప్పినవారా?”

మణికంఠ చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగానే కలుపుకున్నాడు.

“చెప్పిన. అయితే ఏమాయె? గంతల్ల నువ్వు సస్తవా?”

వడ్డిస్తున్న అతని తల్లి సోమమ్మ కంగారు పడలేదు. అంజయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. ఆమెకు ముందే తెలుసు.

“నోటి మాటనే గదయ్యా. నాక్కూడ మొదట మంచిగనిపియ్యలే. నీ పేరు మీద గుళ్లె అర్చన చేయించిన,” అంది ఆమె.

మణికంఠ వ్యాపారం వివరించడం మొదలుపెట్టాడు. తాను ఎవరినీ చంపలేదన్నాడు. పోయినవాళ్లు పోయారు, వాళ్ల ఇళ్లు ఎవరో ఒకరు కొనాల్సిందే, ఈ ఏడాదిన్నరలో ఫ్లాట్లు కదలక తన తోటి బ్రోకర్లు టిఫిన్ బండ్లు పెట్టుకున్నారన్నాడు. ఇల్లు తన పేరు మీదికి వచ్చాక తండ్రి చేత నిదానంగా సంతకం పెట్టించి, అసలు ధరకి అమ్ముదామనుకున్నానని కూడా దాచకుండా చెప్పాడు.

“అంటే సచ్చినోన్ని లేపి సంతకం పెట్టిస్తువా?”

“అప్పటికి ఆమెకు మనతోని పనేముంది నాయినా?” అన్నాడు మణికంఠ. వెంటనే గొంతు మార్చాడు. “మేల ఇంజెక్షన్ కోసం ఎన్ని దవాఖానలు తిరిగిన్నో నీకెరుకేనా? మూడు దినాలు కార్లనే పండుకున్న. నిన్ను బతికించుకున్నది నేనే. ఒక్క మాటకు గింత చేస్తున్నవ్.”

అది నిజమే. ఆసుపత్రి మెట్ల మీద మాసిన చొక్కాతో, పాచిమొహంతో కూర్చున్న కొడుకుని అంజయ్య అప్పుడు వార్డు కిటికీ అద్దంలోంచి చూశాడు. ఆ కొడుకే ఈ కొడుకు. ఆ మూడు రోజుల్లోనే, ఆ మెట్ల మీదే, తన చావు పనికొస్తుందన్న ఆలోచన వీడికి పుట్టిందేమో. ఆ అనుమానం రాగానే లేచి, పెరట్లోకి పోయి నోట్లోని ముద్ద ఉమ్మేసి, నోరు పుక్కిలించాడు. మళ్లీ వచ్చి కూర్చోలేదు.

అగ్రిమెంటు జరగాల్సిన బుధవారం మణికంఠ ఇందిరాదేవి ఇంటికి పోలేదు. ఫోను చేసి ఏదో చెప్పబోతే అలేఖ్య కట్ చేసింది. కాగితాలు మాత్రం అతని దగ్గరే ఉన్నాయి. ఇవ్వడానికి రెండు రోజులు నానబెట్టాడు. అంజయ్య పోయి టేబుల్ ముందు కుర్చీలో కూర్చుని, ఇచ్చేదాకా లేవనన్నాడు. కస్టమర్ల ముందు గొడవెందుకని చివరికి ఇచ్చాడు.

వారసుల సర్టిఫికెట్‌కి మూడు వారాలు పట్టింది. ఆగస్టు చివర్లో ఒక ఉదయం అంజయ్య, ఇందిరాదేవి, అలేఖ్య సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట వేపచెట్టు కింద నిలబడ్డారు. ఆయనకు ఇంకా ఆయాసం పూర్తిగా పోలేదు. మెట్లెక్కేటప్పుడు రెండుసార్లు ఆగాడు. అలేఖ్య ఆయన చేతిసంచీ అందుకుంది. లోపల కెమెరా ముందు మాస్కు తీయమన్నారు. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ రెండుసార్లు తీసుకోలేదు. మూడోసారి తీసుకుంది. యాభై ఏడు డెబ్బై అయిదు కావడానికి మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

ఈ నలభై నిమిషాల పనికి యాభై అయిదు లక్షలు కొట్టేద్దామనుకున్నాడు తన కొడుకు.

బయటికి వచ్చాక ఇందిరాదేవి చీర కొంగు కళ్లకి ఒత్తుకుంది. ఏమైనా తీసుకోండని కవరు ఇవ్వబోయింది. అంజయ్య వెనక్కి జరిగాడు.

“వద్దు చెల్లె. నేను సచ్చిన్ననుకొని నువ్వు ఏడ్చింది నా కోసమే గద. అది చాలు,” అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు గానీ ఆవిడ నవ్వలేదు. ఆయనకూ నవ్వు రాలేదు.

దసరా ముందు ఆ ఇల్లు కోటీ ఇరవై ఎనిమిదికి పోయింది. కొన్నది ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం. తల్లీ కూతుళ్లు చంపాపేట్‌లో మూడో అంతస్తులో ఫ్లాటు తీసుకుని చేరారు. కథ అక్కడితో అయిపోయి ఉంటే అంజయ్య కాస్త స్థిమితపడేవాడు.

అంజయ్యగారే స్వయంగా వచ్చి, రూపాయి తీసుకోకుండా కాగితం సరిచేశాడన్న మాట కాలనీల్లో పాకింది. కొడుకు చెప్పిన అబద్ధం మాత్రం బయటికి రాలేదు. మంచి ఇంటి మనుషులన్నారు. ఆ మంచిపేరు మణికంఠ ఆఫీసుకి జనాన్ని తెచ్చింది. అతను ఆ మాటను కాదనలేదు. పైగా వచ్చినవాళ్లందరికీ తనే చెప్పుకున్నాడు. దీపావళి తర్వాత ఒకరోజు, షట్టరు పన్ను కాగితం కోసం అంజయ్య ఆఫీసుకి పోతే, లోపల నాగేశ్వరి అనే ఆమె కూర్చుని ఉంది. తమ్ముడు కరోనాతో పోయాడు, అతని ఫ్లాటు అమ్మడానికి వచ్చింది.

“మా నాయిన,” అన్నాడు మణికంఠ లేచి, చెయ్యి చూపిస్తూ. “మన్సూరాబాద్ల ఎవరినడిగినా చెప్తరు.”

ఆమె లేచి దండం పెట్టింది. ఆయన పేరు వినే వచ్చానంది. అంజయ్య ఆమె ఎదురుగా కూర్చుని, కాగితాల్లో ఏం తప్పుందని తన కొడుకు చెప్పాడో అడిగాడు. ఆ ఫ్లాటు అంతకుముందు ఎవరి చేతుల్లో ఉందో చూపించే పాత లింకు డాక్యుమెంటు లేదట, అందుకని పదిహేను లక్షలు తగ్గించుకోవాలట.

“చెల్లె, ఆ కాగితాలు తీసుకొని మంచి వకీలు దగ్గరికి పో. ఆ డాక్యుమెంటు నకలు రిజిస్ట్రార్ ఆఫీసులనే దొరుకుతది. మా వోని మాట మీద ఒక్క సంతకం గూడ పెట్టకు.”

ఆమె తండ్రినీ కొడుకునీ మార్చి మార్చి చూసి, ఫైలు సర్దుకుని వెళ్లిపోయింది. మణికంఠ మొహం నల్లబడింది. కస్టమర్ ముందు సొంత కొడుకు పరువు తీసే తండ్రిని ఎక్కడా చూడలేదన్నాడు. అంజయ్య వాదించలేదు. నెల రోజుల్లో షట్టరు ఖాళీ చెయ్యమన్నాడు.

సోమమ్మ వారం రోజులు ఏడ్చింది. ఆయన మాట మార్చుకోలేదు. ఆ షట్టరులో ఇప్పుడు జిరాక్స్ షాపు ఉంది.

కానీ మణికంఠకి ఏమీ తగ్గలేదు. చైతన్యపురిలో మెట్రో స్టేషన్ దగ్గర ఏసీ ఆఫీసు తీసుకున్నాడు. ఇద్దరు అమ్మాయిలను పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి అక్కడే వెనక వీధిలో రెండంతస్తుల ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి తండ్రిని పిలవడానికి భార్యతో కలిసి వచ్చి, కాళ్లకి కూడా దండం పెట్టాడు. అంజయ్య సరేననలేదు, కాదనలేదు. ఆ రోజు సోమమ్మ పట్టుచీర కట్టుకుని ఒక్కతే ఆటోలో పోయింది.

సాయంత్రం తిరిగి వచ్చి, మిఠాయి డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది. ఇల్లు ఎట్ల ఉందో, ఎంతమంది వచ్చారో, వంటలు ఏం చేయించారో చెబుతూనే ఉంది. కిటికీలన్నీ టేకువట. పూజగదిలో పాలరాయి పరిచి ఉందట, పాతవాళ్లే ముచ్చటపడి వేయించుకున్నారట.

“ఎవలదే ఆ ఇల్లు?” అన్నాడు అంజయ్య.

“ఎవలదైతేంది? ఇప్పుడు మనోనిది.”

“ఎవలు పోయిన్రు ఆ ఇంట్ల?”

సోమమ్మ చెవుల కమ్మలు తీసి బీరువాలో పెట్టుకోవడానికి లోపలికి పోయింది. నేతి వాసన గదంతా నిండింది. అంజయ్య డబ్బాను చేత్తో ముట్టకుండా, చేతికర్ర కొసతో మూత వేసి బల్ల చివరిదాకా నెట్టి, కుర్చీ వాకిట్లోకి లాక్కుని కూర్చున్నాడు.