కాఫీలు ఎవరిస్తారు?

మా షాపుని బాయ్‌కాట్ చేసినవాళ్లలో ఒక్కరు కూడా నా వంట బాగోలేదని అనలేదు. అదొక్కటే నాకు తృప్తి. ఉప్పెక్కువైందనో, నూనె ఓడుతోందనో మానేసి ఉంటే నేను తలెత్తుకోలేకపోయేదాన్ని. నా వంట బాగానే ఉందట, అభిప్రాయమే బాగోలేదట. అందుకని నా పులిహోర మానేశారు.

సిడ్నీలోని స్కోఫీల్డ్స్ స్టేషన్‌కి దగ్గర్లో, హెయిర్‌కట్ షాపుకీ ఫార్మసీకీ మధ్య ఇరుక్కున్న చిన్న షాపు మాది. పేరు శేషు కిచెన్. శేషుకుమారిని నేనే. వంటంతా నాది. డబ్బాల మీద మార్కర్‌తో పేర్లు రాయడం, పేరు పెట్టి పిలిచి అందివ్వడం మా ఆయన యోగానంద్ పని. ఇంజనీరుగా రిటైరైన మనిషికి ఇంతకన్నా పెద్ద బాధ్యత అప్పజెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

గొడవంతా సుబ్బు పెళ్లితో మొదలైంది. సుబ్బు అంటే రాజారావుగారి ఒక్కగానొక్క కొడుకు సుబ్రహ్మణ్యం. ఇక్కడే పుట్టి పెరిగాడు. ఫిజియో. మన తెలుగువాళ్ల నడుములూ మోకాళ్లూ సగం వాడి చేతుల్లోనే బాగయ్యాయి. వాడు లూకస్ అనే అబ్బాయిని పెళ్లి చేసుకుంటున్నాడు. ఇద్దరూ కలిసి షాపుకి వచ్చి, "ఆంటీ, మా వెడ్డింగ్‌కి కేటరింగ్ మీరే. అరిటాకులో భోజనం కావాలి" అన్నారు. సుబ్బు తల్లి లీల నా స్నేహితురాలు. నాలుగేళ్ల కిందట పోయింది. అది ఉంటే అరిటాకులు ఎక్కడ దొరుకుతాయో ఈపాటికి సిడ్నీ అంతా గాలించేది. నేను మరో మాట లేకుండా ఒప్పుకున్నాను.

"మీ నాన్న వస్తున్నారా?" అని మాత్రం అడిగాను.

సుబ్బు తల దించుకున్నాడు. "తెలీదాంటీ. నాన్న నో అనట్లేదు, ఎస్ అనట్లేదు. కాల్ చేస్తే వెదర్ గురించి మాట్లాడతారు. ఎవరూ రాకపోయినా ఐ డోంట్ కేర్. నాన్న ఒక్కరు వస్తే చాలు."

ఆ మాట నా గుండెల్లో ఉండిపోయింది.

ఇక మా వాట్సాప్ గ్రూపు, స్కోఫీల్డ్స్ తెలుగు పరివారం. దానికి అడ్మిన్ భానుప్రసాద్. ఐటీలో మేనేజరు. బాయ్‌కాట్లు అతనికి కొత్తేమీ కాదు. ఇలాంటి పెళ్లిళ్లు చట్టం ఒప్పుకోవాలా అని ప్రభుత్వం అడిగితే ఆస్ట్రేలియా అంతా అవుననో కాదనో పోస్టులో రాసి పంపిన ఏడాది, అవునన్న కంపెనీలన్నిటినీ మానేస్తానని శపథం పట్టాడు. ముందు ఒక విమానాల కంపెనీ మానేశాడు. తర్వాత తన బ్యాంకు కూడా అవునందని తెలిసింది. ఆ తర్వాత ఫోను కంపెనీ, ఆఖరికి తను పనిచేసే ఆఫీసు. శపథం ప్రకారం బతకాలంటే జీతం లేకుండా పడవలో ఇండియా వెళ్లిపోవాలి. అప్పటికి ఊరుకున్నాడు. ఇన్నాళ్లకి తన శక్తికి తగ్గ కంపెనీ దొరికింది, అదే మా షాపు.

సుబ్బు పెళ్లికి నేను వండుతున్నానని తెలిసి గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాడు. "పెళ్లన్నాక ఆడపెళ్లివారు మర్యాద చెయ్యాలి, మగపెళ్లివారు అలగాలి. ఇద్దరూ మగపెళ్లివారే అయితే పొద్దున్నే కాఫీలు ఎవరిస్తారు?" దాని కింద నవ్వుతూ కన్నీళ్లు కార్చే బొమ్మలు వరసగా పడ్డాయి.

నాకు ఒళ్లు మండింది. చేతికి పసుపు ఉండగానే ఫోను తీసుకుని టైపు చేశాను. "కాఫీలు నేనిస్తాను. చట్టం ఎప్పుడో ఒప్పుకుంది, ఇంక గ్రూపు అడ్మిన్ ఒప్పుకోవడమే తరువాయి. పెళ్లి ఎవరిదైనా పెళ్లే, వండేదాన్ని నేను."

సాయంత్రానికల్లా తీర్మానం వచ్చేసింది. మన విలువల్ని గౌరవించని శేషు కిచెన్‌కి ఎవరూ ఆర్డర్లు ఇవ్వకూడదు, గ్రూపులో సుబ్బు పేరు ఎవరూ ఎత్తకూడదు. దాని కింద బొటనవేళ్లు మొలిచాయి. రాజారావుగారు బొటనవేలు పెట్టలేదు. పెట్టలేదు గానీ, లీల పోయిన దగ్గర్నుంచీ నా దగ్గర తీసుకెళ్తున్న క్యారియర్ మానేశారు. మిగతావాళ్లు మానేస్తే కోపం వచ్చింది, ఆయన మానేస్తే ఏడుపొచ్చింది.

కొన్ని వారాలు నేనూ మా ఆయనా ఈగలు తోలుకున్నాం. గ్రూపువాళ్లు పక్కనే ఉన్న రౌస్ హిల్‌లో ఇంకో కేటరర్‌ని పట్టుకున్నారు. ఆ మహానుభావుడు సాంబారులో పంచదార దిట్టంగా వేస్తాడు. ఒక పుట్టినరోజుకి పులిహోర చెయ్యమంటే పసుపన్నంలో పనీర్ ముక్కలు కలిపి పంపాడట. ఆ ఫోటో చూసి నేను మనస్ఫూర్తిగా నవ్వుకున్నాను. నాలో అంత మంచితనం ఏమీ లేదు.

ఆ పనీరే వాళ్లని దారికి తెచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల సింధుజ, సాక్షాత్తూ భానుప్రసాద్ భార్య. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఆంటీ, కొంచెం పులిహోర కావాలండీ. మా ఆయనకి తెలిస్తే చంపేస్తారు. డబ్బా మీద నా పేరు మాత్రం రాయకండి, ప్లీజ్."

"పేరు లేకపోతే ఎవరిదో ఎలా తెలుస్తుందమ్మా?"

"ఏదో ఒక పేరు రాసెయ్యండాంటీ."

"సరే. సుబ్బు అని రాస్తాను. వచ్చి సుబ్బు ఆర్డర్ అని అడుగు, ఇస్తాను."

పౌరుషం గెలుస్తుందో పులిహోర గెలుస్తుందో అని నేను ఊపిరి బిగబట్టాను. "సరేనండీ" అంది చివరికి.

అప్పట్నుంచి అదే పద్ధతి పెట్టాను. దొంగచాటుగా ఫోను చేసిన ప్రతివాళ్లకీ అదే పేరు. ఏ పేరు ఎత్తకూడదని బొటనవేళ్లు పెట్టారో, ఆ పేరు నోటితో చెబితేనే డబ్బా. కొందరు గొణిగేవాళ్లు, కొందరు దగ్గు మధ్యలో కలిపి చెప్పేవాళ్లు. వినపడలేదమ్మా, గట్టిగా చెప్పు అనేదాన్ని. మా ఆయన డబ్బాల మీద పులిహోర సుబ్బు, ఉలవచారు సుబ్బు, గోంగూర సుబ్బు అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. మన స్కోఫీల్డ్స్‌లో ఇంతమంది సుబ్బులున్నారని తెలీదే అని ఆశ్చర్యపోయేవాడు కూడా. నేను విడమరచి చెప్పలేదు.

గుత్తివంకాయ సుబ్బు ఎవరో తెలుసా? భానుప్రసాద్. మాస్కు పెట్టుకుని, టోపీ కళ్లమీదకి లాక్కుని, కారు ఫార్మసీ ముందు ఆపి వచ్చేవాడు. పెళ్లాం పులిహోర సంగతి అతనికి తెలీదు, అతని గుత్తివంకాయ సంగతి పెళ్లానికి తెలీదు. ఇద్దరి కాపురమూ నా చేతుల్లో భద్రంగా ఉంది.

పెళ్లి ఆదివారం. ఆదివారం, సోమవారం షాపు మూసి ఉంటుందని తలుపు మీద కాగితం అంటించాను. దాంతో అందరూ శనివారానికే ఆర్డర్లు ఇచ్చారు. ఫోను చేసిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న. "షాపులో ఎవరూ ఉండని టైమ్ ఎప్పుడండీ?" శనివారం మూడు గంటలకి మా షాపులో నరపురుగు కూడా ఉండదు. అదే నిజం చెప్పాను. అందరికీ చెప్పాను. కావాలని చేశానని తర్వాత అందరూ అన్నారు గానీ, అంత తెలివి నాకు ఉంటే షాపు ఇంకో రెండు బ్రాంచీలు పెట్టి ఉండేదాన్ని.

శుక్రవారం సాయంత్రం ఇంకో ఫోను వచ్చింది. ఎవరో నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు.

"ఆవ పెట్టిన అరటికాయ కూర ఉంటుందాండీ? ఒక్కరికే."

స్కోఫీల్డ్స్ మొత్తానికి ఆవ పెట్టిన అరటికాయ అడిగే మగమనిషి ఒక్కడే. లీల వారానికోసారి చేసేది, అది పోయాక నేను చేసి పంపేదాన్ని.

"ఉంటుందండీ. రేపు మూడింటికి రండి. పేరు సుబ్బు అని రాసుకోమంటారా?"

"నీ ఇష్టం చెల్లెమ్మా" అని, చెల్లెమ్మా అనేశానే అనుకున్నారో ఏమో, టక్కున పెట్టేశారు.

శనివారం మూడయ్యేసరికి షాపు కిక్కిరిసిపోయింది. అన్నీ టోపీలూ, మాస్కులూ, నల్లకళ్లద్దాలే. ఏ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఒకాయన గోడ మీద ఫైర్ సేఫ్టీ నోటీసు మహా శ్రద్ధగా చదువుతున్నాడు. భానుప్రసాద్ ఫ్రీజర్‌లో తల దూర్చి ఫ్రోజెన్ బెండకాయల్ని పరీక్షిస్తున్నాడు. అతని వెనకే సింధుజ గోడ వైపు తిరిగి నిలబడింది. రాజారావుగారు మూలనున్న కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకి మాస్కు లేదు. బాగా చిక్కిపోయారు.

లోకం తెలియని మా ఆయన డబ్బా పట్టుకుని గట్టిగా కేకేశాడు. "సుబ్బూ! పులిహోర!"

ఎవరూ కదల్లేదు.

"సుబ్బూ! గుత్తివంకాయ!"

ఫ్రీజర్‌లోంచి తల బయటికి రాలేదు.

"ఏంటండీ ఇది? సుబ్బు ఎవరండీ ఇక్కడ?" అని మా ఆయన ఇంకా గట్టిగా అరిచాడు.

"నేనే అంకుల్, ఏంటి?" అంటూ గుమ్మంలోంచి అసలు సుబ్బు లోపలికి వచ్చాడు.

వాడి చేతిలో పెద్ద ఇత్తడి కాఫీ ఫిల్టరు ఉంది. లీలది. రేపటి కాఫీలు వాళ్లమ్మ ఫిల్టర్లోనే దింపాలని, తన ఇంట్లో దాచుకున్నది తీసుకొచ్చాడు.

"నువ్వు కాదురా, గుత్తివంకాయ సుబ్బు కావాలి నాకు" అన్నాడు మా ఆయన.

"హౌ మెనీ సుబ్బూస్ ఆర్ దేర్?"

"అందరూ సుబ్బులే నాయనా. కావాలంటే డబ్బాలు చూడు" అన్నాను.

వాడు డబ్బాలు చూశాడు, టోపీలు చూశాడు. ఆ టోపీల కింద తను సరిచేసిన నడుముల్ని ఒక్కొక్కటే గుర్తుపట్టాడు. "భానూ అంకుల్, అలా వంగకండి. యువర్ బ్యాక్" అన్నాడు ఆదుర్దాగా. భానుప్రసాద్ మెల్లిగా లేచాడు. ఎదురుగా భార్య కనపడింది. ఇద్దరూ ఒకేసారి "నువ్వేంటి ఇక్కడ?" అన్నారు. అందరూ నవ్వేవాళ్లే గానీ, నవ్వితే మాస్కు వెనక ఎవరో తెలిసిపోతుంది.

అప్పుడు నేనే లోపలికి వెళ్లి మిగిలిన చిన్న డబ్బా తీసుకొచ్చాను. "సుబ్బు. ఆవ పెట్టిన అరటికాయ. ఒక్కరికి" అన్నాను.

సుబ్బు గిరుక్కున తిరిగాడు. అమ్మ కూర వాడు మర్చిపోతాడా? మూల కుర్చీలో నాన్నని అప్పుడు చూశాడు. వాడి మొహంలో నవ్వు ఎటుపోయిందో తెలీదు. ఫిల్టరు రెండు చేతులతో పొట్టకి హత్తుకుని అలాగే నిలబడిపోయాడు.

రాజారావుగారు లేచారు. టోపీల మధ్యలోంచి నడుచుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చారు. డబ్బా మీద అక్షరాలు చదివారు.

"ఇది నాదే చెల్లెమ్మా" అన్నారు. "కానీ పేరు తప్పు రాశారు. నేను సుబ్బుని కాదు." వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అన్నారు. "నేను సుబ్బు నాన్నని."

మా ఆయనకి అప్పుడే ఏదో అర్థమైనట్టుంది, మార్కర్ మూత పెట్టేశాడు. నేను కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను.

"భానూ" అన్నారు రాజారావుగారు. "కాఫీలు ఎవరిస్తారని గ్రూపులో అడిగావు కదా. ఆ రోజు జవాబు చెప్పలేక ఫోను పక్కన పెట్టేశాను. ఇప్పుడు చెబుతున్నా. నేనిస్తాను."

భానుప్రసాద్ చేతిలో బెండకాయల ప్యాకెట్టు నీళ్లు కారుతోంది. తలూపాడు.

రాజారావుగారు కొడుకు చేతుల్లోంచి ఫిల్టరు తీసుకున్నారు. మూత తీసి లోపలికి తొంగి చూశారు.

"లోపల గొడుగులా ఉండే బిళ్ల ఏదిరా? అది లేకపోతే డికాక్షన్ పల్చగా దిగుతుంది. అవతల లూకస్ వాళ్ల నాన్న ఎంత దూరం నుంచి వస్తున్నాడో. పల్చటి కాఫీ పోశారని ఆయన చేత నేను మాట పడలేను."

సుబ్బు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వాడికే తెలీదు. "నాన్నా, వాళ్లు కాఫీ తాగరు. దే ఓన్లీ డ్రింక్ టీ."

రాజారావుగారు ఫిల్టరు చంకలో పెట్టుకున్నారు.

"అయితే టీయే పెడతాను" అన్నారు. "ఎన్నింటికి రావాలి?"