నూకరాజు సెలూన్‌లో పైలట్ సీటు

నేను ఒక పైలట్ సీటుని. ప్రయాణికులు కునుకు తీసే కుర్చీని కాదు. విమానం ముక్కు దగ్గర, మబ్బులకు ఎదురుగా ఉండే అసలు సిసలు సీటుని. తుఫానులో పైలట్ నిద్రపోతే ఒకసారి విమానాన్ని నేనే దింపాను. నమ్మరా? నిడదవోలు బస్టాండు ఎదుట నూకరాజు సెలూన్‌లో పదేళ్లపాటు అందరూ నమ్మారు.

సరే, నిజమే చెప్పేస్తాను, పోయేదేముంది? నా నడుము కింది భాగం ఒక పళ్ల డాక్టరుది. వీపు పాత బస్సుది. చేతులు ఎవరివో నాకే తెలియదు. డాక్టరు కొత్త కుర్చీ కొనుక్కుని నన్ను పాత సామాన్లవాడికి తోసేస్తే, వెల్డింగ్ అబ్బులు ఏరుకొచ్చి, అన్నీ కలిపి అతికించి, నూకరాజుకి అంటగట్టాడు. డాక్టరు దగ్గర నా మీద కూర్చున్నవాళ్లు నోరు తెరిచి కూడా మాట్లాడలేకపోయేవారు. ఇక్కడ కత్తి గొంతు మీద ఉన్నా నోరు మూయరు. అంతే తేడా.

ఎదురుగా ఏసీ సెలూన్ వెలిసిన వారమే నాకు విమానయోగం పట్టింది. "మామూలు కుర్చీ కాదండీ! పైలట్ సీటు. విప్పేసిన విమానంలోంచి తెప్పించానండి, ఆయ్!" అని నూకరాజు మొదలెట్టాడు. అప్పట్నుంచి గడ్డం గీయించుకున్న ప్రతివాడూ ఛాతీ విరుచుకుని లేచేవాడు.

అతని కూతురు సత్యవేణికి అప్పుడు ఆరేళ్లు. బడి వదలగానే నా మీదెక్కి, కాళ్లు అందకపోయినా, బస్టాండులో బస్సులన్నిటినీ గాల్లోకి లేపేది. పదో తరగతి అయ్యేసరికి ఆట ముదిరి పథకమైంది. అద్దం మీద షేవింగ్ నురగతో రాసేది: ముందు లెక్కలు, ఫిజిక్సు ఉన్న ఇంటర్, అందులో ఉండగానే పైలట్లకు చేసే మెడికల్ పరీక్ష, అది గట్టెక్కితేనే ఫ్లయింగ్ స్కూలు, స్కాలర్‌షిప్పుల వేట. గిరాకీ రాగానే నూకరాజు ఆ నురగే బ్రష్షుతో తీసి బుగ్గలకు పూసేవాడు. ఆ ఫ్లయింగ్ స్కూలు ఎన్నిసార్లు కనకలింగం మాస్టారి గడ్డం పాలైందో!

"మెడికల్ అంత ముందెందుకే? దండగ!" అనేవాడు నూకరాజు.

"కళ్లూ చెవులూ పనికిరావని ఆఖర్న చెబితే అప్పుడు దండగ నాన్నా."

గిరాకీ అంతా సలహాదార్లే. పుచ్చుపన్ను ఉంటే విమానం పైకెళ్లగానే టపీమని పేలిపోద్దన్నాడొకాయన. నాలోని డాక్టరు సగం ఉలిక్కిపడింది. పొట్టివాళ్లకు పెడల్ అందదని మాస్టారు తేల్చి, పిల్లని దూలం పట్టుకుని వేలాడమన్నారు. వీళ్లలో ఒక్కరూ విమానం ఎక్కినవారు కారు. సలహాకి టికెట్టు అక్కర్లేదు కదా!

చిక్కల్లా ఫిజిక్సుతోనే వచ్చింది. పదిలో సైన్సు గట్టెక్కడమే గోడ దూకినంత పనైంది ఆ పిల్లకి. ఇంటర్లో చేరడానికి ఆఖరి రోజున, అప్లికేషన్లో గ్రూపు గడి ఖాళీగా వదిలేసి నా మీద కూలబడింది.

"సులువు గ్రూపేదైనా తీసుకోనా నాన్నా?"

"పైలట్ సీట్లో పెరిగినదానివి, నీకు భయమేంటే!" అన్నాడు నూకరాజు. కూతురి ధైర్యమంతా నా నాలుగు బోల్టుల మీదే ఆనించాడు పాపం. పిల్ల కాస్త నిటారుగా కూర్చుంది కూడా.

సరిగ్గా అప్పుడే మాసిన గడ్డంతో వెల్డింగ్ అబ్బులు దిగాడు. సత్యవేణి లేచి చోటిచ్చింది. నన్ను చూడగానే అబ్బులు మొహం వెలిగిపోయింది.

"ఒరేయ్ నూకరాజూ! ఇంకా బతికే ఉందేంట్రా ఇది? నా చే..."

నూకరాజు అతన్ని నా మీదకి తోసి, మూతినిండా నురగ పూశాడు.

"ఓరి, ఇది నేనతికిం..."

మరో పూత. ముక్కు, కనుబొమలు, చెవులు, అన్నీ తెల్లబడ్డాయి. అబ్బులు అంత తేలిగ్గా వదిలే మనిషా! బుడగలు ఊదుకుంటూనే, "కింద పళ్ల డాక్టరుది! పైన బస్సుది! అతుకు ఊగుతుందేమో చూడరా!" అని జాతకం మొత్తం చదివేశాడు.

నూకరాజు చేతిలో బ్రష్షు ఆగిపోయింది. కూతురి మొహం చూడలేక నా పెడల్ వంక చూస్తూ నిలబడ్డాడు.

"నాకు తెలుసులే నాన్నా," అంది సత్యవేణి. "ఐదో తరగతిలోనే తెలుసు. జుట్టు ఊడుస్తుంటే అడుగున డాక్టరు పేరున్న రేకు కనబడింది."

"మరి చెప్పవేంటే?"

"అందరి ముందూ అంత గొప్పగా చెప్పుకుంటున్నావు. నీ సంబరం పాడుచెయ్యడమెందుకని."

నూకరాజు బ్రష్షు గిన్నెలో పెట్టాడు. "మరిప్పుడు... ఏ గ్రూపే?"

"కుర్చీ ఏదైతే నాకేంటి? నేనెక్కాల్సింది విమానం." గడిలో ఎం.పి.సి. అని రాసేసి, ఎదురుగా కాలేజీకెళ్లే బస్సు కదులుతుంటే పరిగెత్తింది. అబ్బులు సగం గడ్డంతోనే గుమ్మం దాకా వెళ్లి చెయ్యి ఊపాడు.

ఆ పిల్ల ఇప్పుడు పెద్ద పైలట్. రోజూ సాయంత్రం ఊరి మీదుగా పోతూ, మా కొట్టు రాగానే రెక్క ఒక్కసారి వంచి మరీ వెళ్తుంది.

ఆ రెక్క సంగతి నేను కల్పించిందే. ఆ మాటకొస్తే విమానం కూడా. పిల్లకింకా ఇంటర్ రెండో ఏడే. కళ్లూ చెవులూ బాగున్నాయని డాక్టరు చెప్పాడు, అంతవరకే. మొదటేడు ఫిజిక్సులో అరవైకి ముప్పై తొమ్మిది వచ్చాయి. అది మాత్రం నిజం. కల్పించేదే అయితే నేను యాభైకి తక్కువ వేస్తానా?